మహానగరంలో కిరాయి సైకిల్: నల్గొండ, పాలమూరు నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బస్సు దిగినాకనో మెట్రో దిగినాకనో మిగిలే కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల దూరమే హైదరాబాద్ నగరంలో అసలు తలనొప్పి. నడిచిపోదామంటే ఎండ, ఆటో మాట్లాడదామంటే జేబుకు బరువు. ఆ కొసరు దూరం కోసం పుట్టినవే పబ్లిక్ కిరాయి సైకిళ్లు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి చదువుకో కొలువుకో వెళ్లేవాళ్లు వీటి గురించి పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది సైకిల్ తీసుకునేటప్పుడు కాదు, తిరిగి పెట్టేటప్పుడు. అందుకే ఆ భాగం మిగతా వాటికంటే పొడుగ్గా రాశాం. తొందరలో ఉంటే అదొక్కటి చదివినా చాలు.

ఇది మన ఊళ్ల సైకిల్ షాపు కిరాయి లాంటిదేనా?

సగం అదే. గంట కిరాయికి సైకిళ్లిచ్చే షాపుల్లో పేరు, తీసుకున్న టైము నోటుబుక్కులో రాసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఫోన్‌లోని యాప్ చేస్తుంది. తేడాలు రెండు. తీసుకున్న చోటే తిరిగి ఇవ్వక్కర్లేదు, ఒక స్టాండులో తీసి ఇంకో స్టాండులో పెట్టొచ్చు. ఇక షాపాయన అయిదు నిమిషాలు ఆలస్యమైతే పోనీలే అని వదిలేసేవాడు. యాప్ వదలదు.

సైకిళ్లు రెండు రకాలు. మొదటి రకానికి డాక్ ఉంటుంది. అంటే నేలలో పాతిన ఇనుప దిమ్మెల వరుస. సైకిల్‌ను అందులోకి నెడితే తాళం పడుతుంది. రెండో రకానికి దిమ్మె ఉండదు. వెనక చక్రానికి గుర్రపు నాడా ఆకారంలో ఒక తాళం ఉంటుంది. సిమ్ము, జీపీఎస్సు, బ్లూటూత్ అన్నీ ఆ తాళంలోనే ఉంటాయి. ఈ రకాన్ని ఎక్కడ వదలాలన్నది యాప్ మ్యాప్‌లో గీత గీసి చూపిస్తారు. ఆ గీత నేల మీద కనిపించకపోవచ్చు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఎక్కడ దొరుకుతయి? బస్సు దిగంగనే దొరుకుతయా?

మెట్రో స్టేషన్ల బయట, యూనివర్సిటీ క్యాంపస్‌లలో, చెరువు కట్టలు, పార్కుల దగ్గర, ఆఫీసులు ఎక్కువున్న ప్రాంతాల్లో ఈ స్టాండ్లు పెడతారు. హైదరాబాద్‌లో 2017 నవంబరులో మెట్రో మొదలైన రోజుల్లోనే మియాపూర్ లాంటి స్టేషన్ల దగ్గరికి కిరాయి సైకిళ్లు వచ్చాయి. ఆ తర్వాత కంపెనీలు వచ్చాయి, పోయాయి. కాబట్టి ఎవరో రెండేళ్ల కింద చెప్పిన మాట పట్టుకుని పోకండి. ఆ రోజు యాప్ మ్యాప్ ఏం చూపిస్తే అదే లెక్క.

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చే బస్సు ఎల్బీనగర్‌లో దిగిస్తుంది. మెట్రో ఎర్ర లైను అక్కడి నుంచే మొదలు. హైటెక్ సిటీ వైపు పోవాలంటే అమీర్‌పేటలో నీలి లైనుకు మారి హైటెక్ సిటీలోనో రాయదుర్గంలోనో దిగాలి. పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి ఎర్ర లైను పట్టుకోవచ్చు. రెండు దారుల్లోనూ సైకిల్ పనికొచ్చేది మెట్రో దిగిన తర్వాతే. ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం దాకా సైకిల్ మీదనే పోదామన్న ఆలోచన వద్దు. కిరాయి సైకిల్ అంత దూరానికి చేసింది కాదు.

బయల్దేరే ముందు మ్యాప్‌లో రెండు చోట్లు చూసుకోండి: ఎక్కే చోట సైకిళ్లున్నాయా, దిగే చోట పెట్టడానికి జాగా ఉందా. చాలామంది మొదటిది చూసి రెండోది మరిచిపోతారు.

మొదటిసారి వాడాలంటే ఏమేం కావాలె?

ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, యాప్, యూపీఐ లేదా కార్డు, నడుస్తున్న నెట్టు. కొన్ని పథకాల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఫొటో కూడా అడుగుతారు. ఈ పనులు రూములోనే వైఫై మీద చేసుకోండి. స్టాండు ముందు ఎండలో నిలబడి యాప్ దించుకోవడం, ఓటీపీ కోసం చూడటం పెద్ద పాట్లు.

యాప్ లొకేషన్, బ్లూటూత్, కెమెరా అనుమతులు అడుగుతుంది. కెమెరా క్యూఆర్ కోడ్ కోసం. బ్లూటూత్ తాళంతో మాట్లాడటానికి. లొకేషన్ మీరు సైకిల్ పక్కనే ఉన్నారని తేల్చుకోవడానికి. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకుంటే సరిపోతుంది. కాంటాక్టులు, ఫొటోల గ్యాలరీ అడిగితే ఇవ్వనక్కర్లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ 30 శాతం కంటే తక్కువుంటే సైకిల్ తియ్యకండి. దారిలో ఫోన్ ఆగిపోతే సవారీని ముగించడం కష్టమవుతుంది.

డిపాజిట్ వేరు, వాలెట్ వేరా?

వేరే. డిపాజిట్ అంటే మీరు మానేసేటప్పుడు తిరిగి రావాల్సిన సొమ్ము. వాలెట్‌లో వేసింది కిరాయికి కరుగుతుంది, దాన్ని చాలా కంపెనీలు తిరిగి ఇవ్వవు. డబ్బు కట్టేటప్పుడు స్క్రీన్ మీద ‘రిఫండబుల్’ అన్న మాట ఉందో లేదో చూడండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 500 వేస్తే 50 ఎక్కువిస్తాం అన్న ఆఫర్లకు మొదటి నెలలో లొంగకండి. వారం రోజులకు సరిపడా వేసుకుంటే చాలు.

యూపీఐ ఆటోపే ఒప్పుకుంటే నెల పాస్ మిమ్మల్ని మళ్లీ అడగకుండానే మళ్లీ మళ్లీ కొనుక్కుపోతుంది. ఊరికి పోయి రెండు నెలలు సైకిల్ ముట్టకపోయినా డబ్బులు కోత పడతాయి. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ లేదా ‘మ్యాండేట్’ అన్న చోటికి పోయి అక్కడే రద్దు చెయ్యాలి.

కిరాయి లెక్క ఎట్లుంటది?

దూరానికి కాదు, టైముకు. ఇది మనసులో నాటుకోవాలి. సిగ్నల్ దగ్గర నిలబడ్డా, ఛాయ్ తాగుతూ పక్కన పెట్టినా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఎక్కువ పథకాలు అర్ధగంటను ఒక ముక్కగా తీసుకుంటాయి. అర్ధగంటకు 10 రూపాయలు అనుకుందాం. 29 నిమిషాల్లో తాళం పడితే 10, 31వ నిమిషంలో పడితే 20. రెండో పద్ధతిలో తాళం తియ్యడానికి కొంత, ఆపై నిమిషానికి ఇంత అని ఉంటుంది. తాళానికి 5, నిమిషానికి రూపాయిన్నర అనుకుంటే పది నిమిషాల సవారీకి 20 అవుతుంది. బ్యాటరీ బండ్లకు ఎక్కువగా ఈ పద్ధతే. కాబట్టి పైన పెద్దక్షరాల్లో రాసిన రేటు చూసి ఆగకండి, మీ మామూలు దూరానికి ఎంత పడుతుందో లెక్క కట్టండి.

నగరం రోడ్ల మీద సిగ్నళ్లతో కలిపి గంటకు 12 కిలోమీటర్లు పోతారు, అంటే కిలోమీటరుకు అయిదు నిమిషాలు. తాళం తియ్యడానికి, పెట్టడానికి మూడు నాలుగు నిమిషాలు తీసేస్తే అర్ధగంటలో నమ్మకంగా పోగలిగేది అయిదు కిలోమీటర్లు. అంతకు మించితే మెట్రోనో సిటీ బస్సో చూసుకోవడం మేలు.

పాస్ కొనాలా వద్దా అన్నది కూడా ఇట్లాగే తేలుతుంది. నెల పాస్ 300, ఒక్కో సవారీ 10 అయితే 30 సవారీలు దాటినప్పుడే లాభం. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున 22 పనిదినాలకు 44 సవారీలు, అప్పుడు పాస్ తీసుకోవచ్చు. శని, ఆదివారాల్లో మాత్రమే తొక్కేవాళ్లకు దండగ.

సైకిల్ మంచిదా కాదా ఎట్ల గుర్తుపట్టాలె?

చాలావరకు తాళం తియ్యక ముందే చూడాలి, తీసినాక మీటరు మొదలైపోతుంది. ఒక్క నిమిషం చాలు.

రెండు టైర్లను బొటనవేలితో నొక్కండి. గట్టిగా తగలాలి. కొన్ని సైకిళ్లకు గాలి లేని గట్టి రబ్బరు టైర్లు ఉంటాయి. వాటికి పంచర్ బాధ లేదు, కానీ గుంతల్లో నడుం అదురుతుంది, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. బ్రేకులను మాత్రం తాళం తియ్యగానే చూడాలి: హ్యాండిల్ పట్టుకుని సైకిల్‌ను ముందుకు నెడుతూ ఒక్కో బ్రేకు విడివిడిగా నొక్కండి. ముందు బ్రేకు నొక్కితే వెనక చక్రం కొద్దిగా లేవబోవాలి, వెనక బ్రేకు నొక్కితే వెనక చక్రం ఈడ్చుకుపోవాలి. బ్రేకు పిడి హ్యాండిల్‌కు ఆనేదాకా వస్తే వైరు వదులైందని అర్థం, ఆ సైకిల్ వద్దు. ఏ పిడి ఏ చక్రానిదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. అన్ని సైకిళ్లకూ ఒకే వైపు ఉండదు.

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే నట్టు వదులైంది. సీటును రెండు చేతులతో కిందికి అదమండి, దిగిపోతే సీటును బిగించే క్లాంపు పట్టడం లేదు. పెడళ్లు రెండూ ఉన్నాయా, చైన్ జారి వేలాడుతోందా చూడండి. చివరికి బెల్లు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో బెల్లు లేని సైకిల్ ఎక్కడం సాహసమే.

పారిస్‌లో వెలిబ్ అనే కిరాయి సైకిల్ చెడిపోతే దాని సీటు వెనక్కి తిప్పి పెట్టే అలవాటు జనంలో ఉంది. తర్వాత వచ్చేవాళ్లు దూరం నుంచే చూసి పక్కది తీసుకుంటారు. ఖర్చు లేని మంచి పని. మన నగరాల్లో కూడా పాడైన సైకిల్ కనిపిస్తే యాప్‌లో ఫిర్యాదు పెట్టి, సీటు వెనక్కి తిప్పండి.

స్కాన్ చేసినా తాళం తెరుచుకోకపోతే?

ముప్పై సెకన్లు ఆగండి. మీ ఫోన్ నుంచి సర్వర్‌కు, అక్కడి నుంచి తాళంలోని సిమ్ముకు మాట చేరాలి. సిగ్నల్ తక్కువున్న చోట ఆలస్యమవుతుంది. ఈలోపు మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తే యాప్ గందరగోళపడుతుంది. అప్పటికీ రాకపోతే బ్లూటూత్ ఆన్‌లో ఉందా, వాలెట్‌లో కనీస మొత్తం ఉందా చూడండి. అవి సరిగ్గా ఉన్నా తెరుచుకోలేదంటే తాళంలో బ్యాటరీ అయిపోయి ఉంటుంది. పక్క సైకిల్ తీసుకోండి.

డాక్ ఉన్న రకంలో పచ్చ లైటు వెలిగిన కొన్ని సెకన్లలోనే సైకిల్‌ను వెనక్కి లాగాలి, లేకుంటే మళ్లీ తాళం పడిపోతుంది. సీటు కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి లాగితే సులువుగా వస్తుంది.

తాళం తెరుచుకోలేదు గానీ యాప్‌లో సవారీ మొదలైందని చూపిస్తే వదిలేసి పోకండి. వెంటనే ‘ముగించు’ నొక్కి, మూసి ఉన్న తాళం ఫొటో, సైకిల్ నంబరు, టైము కనిపించేట్టు స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు పెట్టండి.

క్యూఆర్ కోడ్ గీకిపోయి ఉంటే?

కోడ్ కింద సైకిల్ నంబరు రాసి ఉంటుంది, అది యాప్‌లో టైపు చెయ్యొచ్చు. ఎండ కొట్టి స్కాన్ కాకపోతే అరచేతిని అడ్డం పెట్టి నీడ చెయ్యండి.

ఒక జాగ్రత్త. కోడ్‌ను సైకిల్ యాప్ లోపలి నుంచే స్కాన్ చెయ్యాలి. ఫోన్ కెమెరాతోనో యూపీఐ యాప్‌తోనో చెయ్యొద్దు. అసలు కోడ్ మీద దొంగ స్టిక్కర్ అంటించి డబ్బులు లాగేవాళ్లుంటారు. స్కాన్ చెయ్యగానే ఎవరి పేరుకో డబ్బు పంపమని అడిగిందంటే అది సైకిల్ కోడ్ కాదు.

సీటు, గేర్లు ఎట్ల పెట్టుకోవాలె?

సైకిల్ పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తుకు రావాలి. కూర్చుని మడమను కింది పెడల్ మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే రెండు కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేస్తాయి. సరిచేసినాక క్లాంపు పిడిని గట్టిగా మూయండి.

కిరాయి సైకిళ్లకు ఎక్కువగా మూడు గేర్లుంటాయి, అవి వెనక చక్రం ఇరుసు లోపల దాగి ఉంటాయి. ఈ రకంలో గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం తొక్కడం ఆపాలి. వెనక పంటి చక్రాలు అంచెలంచెలుగా బయటికి కనిపించే సైకిల్ అయితే దీనికి ఉల్టా, మెల్లగా తొక్కుతూనే మార్చాలి. తప్పు పద్ధతిలో మారిస్తే చైన్ ఊడుతుంది. ఎత్తు మొదలు కాకముందే ఒకటో గేరుకు రండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులకు మూడో గేరు పనికిరాదు. ఈ సైకిళ్లు దొంగల భయానికి, మోటు వాడకానికి తట్టుకునేట్టు బరువుగా చేస్తారు, ఇరవై కిలోల దాకా తూగుతాయి. ఎత్తులో దిగి నడిపించుకుపోవడం నామోషీ కాదు.

బ్యాటరీ సైకిల్‌కు లైసెన్సు కావాలా?

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండేట్టు చేసిన బండ్లను కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించిన కిరాయి స్కూటర్లకు రెండూ కావాలి. అన్నిటినీ ఒక్కటే అనుకోకుండా, యాప్‌లో బండి వివరాల్లో ఈ రెండు అంకెలు చూసుకోండి. మ్యాప్‌లో ఛార్జింగ్ 20 శాతం కంటే తక్కువ చూపించే బండి తీసుకుంటే దారిలో ఆగే ప్రమాదం ఉంది.

మధ్యలో ఆగి ఏదన్న కొనుక్కోవచ్చా?

‘పాజ్’ లేదా ‘హోల్డ్’ అన్న బటన్ ఉంటే దాంతో తాళం వెయ్యండి. సైకిల్ మీదే, మీటరూ మీదే. పది నిమిషాల కంటే ఎక్కువ పని ఉంటే స్టాండులో పెట్టి సవారీ ముగించి, మళ్లీ ఇంకోటి తీసుకోవడం చవక. చేతి తాళం మాత్రమే వేసి, యాప్‌లో ఏం నొక్కకుండా దుకాణంలోకి పోతే కొన్ని పథకాల్లో సవారీ ముగిసినట్టే లెక్క. తిరిగొచ్చేసరికి వేరేవాళ్లు తీసుకుపోతారు.

తిరిగి పెట్టేటప్పుడు ఏం చెయ్యాలె?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైంది. మీరు సీటు దిగినప్పుడు సవారీ ముగియదు. తాళం పడ్డప్పుడు కూడా పూర్తిగా ముగియదు. తాళం పడ్డట్టు సర్వర్‌కు తెలిసి, మీ ఫోన్‌లో మొత్తం రూపాయల్లో కనిపించినప్పుడే ముగిసినట్టు.

డాక్ ఉన్న రకం అయితే: సైకిల్‌ను దిమ్మెకు సూటిగా నిలబెట్టి, హ్యాండిల్ వంకర లేకుండా, ఒక్క ఊపున లోపలికి నెట్టండి. మెల్లగా ఆనిస్తే కొక్కెం సగమే పడుతుంది. పచ్చ లైటో బీప్ శబ్దమో రావాలి. వచ్చినాక సైకిల్‌ను ఒకసారి వెనక్కి లాగి చూడండి. ఎర్ర లైటు వెలిగినా, ఏ లైటూ రాకున్నా ఆ దిమ్మె పనిచెయ్యడం లేదు. పక్క దిమ్మెలో పెట్టండి.

నాడా తాళం అయితే: ముందు మ్యాప్‌లో గీసిన హద్దులోకి రండి. స్టాండు వేసి, తాళం పిడిని చివరిదాకా దించండి. సగంలో ఆగిపోతే బలం పెట్టకండి. తాళం కడ్డీ చక్రం పుల్లకు తగులుతోంది. సైకిల్‌ను రెండు వేళ్ల మందం ముందుకు జరిపితే పుల్ల పక్కకు పోయి కడ్డీ దూరుతుంది. ‘తాళం చెడిపోయింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం. బలంగా నొక్కితే పుల్ల వంగుతుంది, ఆ తర్వాత చక్రం వాలుతుంది, నష్టపరిహారం మీ పేరు మీద పడుతుంది.

తాళం పడినాక యాప్ తెరిచి ‘సవారీ ముగిసింది’ అన్న స్క్రీన్ వచ్చేదాకా అక్కడే నిలబడండి. పది అడుగులు నడిచినా బ్లూటూత్ తెగిపోవచ్చు. స్క్రీన్ వచ్చినాక రెండు ఫొటోలు తియ్యండి: ఒకటి తాళం దగ్గరగా, ఇంకోటి సైకిల్ నంబరుతో పాటు వెనక ఉన్న స్టేషన్ బోర్డో దుకాణం బోర్డో పడేట్టు. గొడవ వచ్చినప్పుడు ఈ రెండో ఫొటోనే మిమ్మల్ని కాపాడుతుంది.

స్టాండు దగ్గరనే ఉన్న, కానీ యాప్ ‘హద్దు బయట ఉన్నరు’ అంటది. ఎందుకు?

మెట్రో వంతెన కింద, ఎత్తయిన బిల్డింగుల నడుమ జీపీఎస్ సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి, అందుకే చుక్క పది ఇరవై మీటర్లు పక్కకు పడుతుంది. సైకిల్‌ను ఆకాశం కనిపించే చోటికి జరిపి, ఫోన్ లొకేషన్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, ఒక నిమిషం ఆగి ప్రయత్నించండి. అయినా ఒప్పుకోకపోతే హద్దు బయట జరిమానా కట్టే బదులు, అక్కడి నుంచే ఫోన్ చేసి హెల్ప్‌లైన్ వాళ్లతో ముగింపజెయ్యండి. మాట్లాడిన టైము రాసి పెట్టుకోండి.

స్టాండు మొత్తం నిండిపోయి ఉంటే?

పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసుల వైపు స్టాండ్లు నిండిపోతాయి, సాయంత్రం మెట్రో వైపువి నిండుతాయి. లండన్ పథకంలో నిండిన స్టాండు దగ్గర ఆ సంగతి యంత్రానికి తెలియజేస్తే, దగ్గర్లోని ఇంకో స్టాండుకు పోవడానికి 15 నిమిషాలు అదనంగా ఇస్తారు. మన దగ్గర ఆ వెసులుబాటు ఉందో లేదో యాప్ నిబంధనల్లో ముందే చూసుకోండి. లేకుంటే అర్ధగంట నిండడానికి ఏడెనిమిది నిమిషాల ముందే గమ్యం చేరేట్టు బయల్దేరాలి.

రూముకు వచ్చినాక చూస్తే మీటరు ఇంక నడుస్తనే ఉంది!

వెంటనే యాప్‌లో ‘ముగించు’ నొక్కండి, కుదరకపోతే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి. పోదాంలే రేప్పొద్దున అనుకుంటే రాత్రంతా కిరాయి పడుతుంది. వీలైతే వెనక్కి పోయి సైకిల్ అక్కడే ఉందా, తాళం పడిందా చూడండి. మీ దగ్గర ఫొటో ఉంటే, తాళం వేసిన టైముకు కిరాయి ఆపి మిగతాది తిరిగిమ్మని రాతపూర్వకంగా అడగండి.

దారిలో పంచరైతే, చైన్ ఊడితే?

పంచర్ మీరు వేయించకండి, ఆ ఖర్చు తిరిగి రాదు. గాలి పోయిన టైరు మీద తొక్కితే రిమ్ము దెబ్బతింటుంది. దిగి, దగ్గరి స్టాండు దాకా నడిపించి, ముగించి, ఫిర్యాదు పెట్టండి. చైన్ ఊడితే, పైన డబ్బా లేని సైకిల్ అయితే మీరే ఎక్కించవచ్చు. వెనక పంటి చక్రం మీద చైన్ కూర్చోబెట్టి, ముందు పంటి చక్రం పై పళ్లకు ఆనించి, పెడల్‌ను చేత్తో మెల్లగా ముందుకు తిప్పితే ఎక్కుతుంది. వేళ్లు చైన్‌కూ పళ్లకూ మధ్య పెట్టొద్దు.

చీర, చున్నీ, లూజు ప్యాంటు మీద తొక్కొచ్చా?

తొక్కొచ్చు, జాగ్రత్తతో. చైన్ కుడివైపు ఉంటుంది కాబట్టి కుడికాలి ప్యాంటు అంచు మడిచి రబ్బరు బ్యాండు వెయ్యండి. చున్నీని వెనక వేలాడనివ్వకుండా నడుముకు కట్టుకోండి. బ్యాగు హ్యాండిల్‌కు తగిలిస్తే చక్రంలో పడుతుంది, బుట్టలో పెట్టండి. వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం చాలా పథకాలు ఒప్పుకోవు. క్యారియర్ లేకుండా చేసేది అందుకే.

హెల్మెట్ తప్పనిసరా? రోడ్డు మీద ఏం చూసుకోవాలె?

పెడల్ సైకిల్‌కు చట్టప్రకారం తప్పనిసరి కాదు. పెట్టుకోవడం మాత్రం మీ తల కోసం. రోజూ తొక్కేవాళ్లు సొంతంగా ఒకటి కొనుక్కోవాలి.

ఎడమ వైపే పోండి, కానీ ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు ఎడం ఉంచండి. తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. ఎడమకు తిరగబోయే బస్సు పక్కన చేరకండి, డ్రైవరుకు మీరు కనిపించరు. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది రోడ్డు పట్టుకోండి. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట తొక్కొద్దు, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు. రిమ్ము బ్రేకులు తడిస్తే పట్టు ఆలస్యంగా దొరుకుతుంది, కాబట్టి ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. ఎండ గురించి నల్గొండ వాళ్లకు చెప్పేదేముంది! ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా సైకిల్ జోలికి పోకండి.

పిల్లలకు ఇప్పించొచ్చా?

పెద్దవాళ్ల ఖాతాతో పిల్లలకు తీసివ్వకండి. ప్రమాదం జరిగితే బాధ్యత, ఖర్చు ఖాతాదారు మీదే పడతాయి. చాలా పథకాలు 18 ఏళ్లు నిండినవాళ్లకే ఖాతా ఇస్తాయి.

సైకిల్ పోతే?

హెల్ప్‌లైన్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, 100 లేదా 112కు ఫోన్ చెయ్యండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో రాసివ్వండి. ముగింపు స్క్రీన్‌షాట్ మీ దగ్గరుంటే ఆ తర్వాత పోయిన సైకిల్‌కు మీకు సంబంధం లేదు. లేకుంటే సైకిల్ విలువ అడుగుతారు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ట్రాక్ ఉందంట కదా?

ఉంది. 2023 అక్టోబరు 1న మొదలైంది, అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు. పైన సోలార్ పలకల నీడ ఉంటుంది, బండ్ల భయం లేదు. సైకిల్ మరిచిపోయి చాలా ఏళ్లయినవాళ్లకు చెయ్యి తిరగడానికి దీనికంటే మంచి చోటు లేదు. ఒక్కటే మతికుంచుకోండి: పోయినంత దూరం తిరిగి రావాలి. గంట కిరాయికి తీసుకుంటే 25వ నిమిషానికి వెనక్కి మళ్లండి.

కంపెనీ మూతపడితే మన డబ్బులు?

ఈ ప్రశ్నకు చైనాలో పెద్ద ఉదాహరణ ఉంది. ఓఫో అనే కంపెనీ ఒక్కొక్కరి దగ్గర 99, తర్వాత 199 యువాన్ల డిపాజిట్ తీసుకుంది. 2018 డిసెంబరులో కంపెనీ తడబడగానే కోటి మందికి పైగా జనం డిపాజిట్ కోసం ఆన్‌లైన్ వరుసలో నిలబడ్డారు. అందుకే చెబుతున్నాం, వాలెట్‌లో వారానికి మించి వెయ్యొద్దు. డిపాజిట్ ఉంటే, నగరం వదిలే ముందే, యాప్ ఇంకా పనిచేస్తున్నప్పుడే వెనక్కి అడగండి.

మైసూరు, లండన్ పోతే అక్కడ కూడా ఇట్లనేనా?

మైసూరులో ట్రిన్ ట్రిన్ 2017 జూన్‌లో 48 స్టాండ్లు, 450 సైకిళ్లతో, డాక్ పద్ధతిలో మొదలైంది. చదువుకు లండన్ పోయే మనవాళ్లు 2010 నుంచి నడుస్తున్న అక్కడి డాక్ సైకిళ్లను బాగా వాడతారు. అక్కడ సైకిల్ తిరిగి పెట్టకపోతే 300 పౌండ్ల దాకా కార్డు నుంచి తీసుకోవచ్చని నిబంధన. పచ్చ లైటు చూడకుండా స్టాండు వదిలితే ఏమవుతుందో అర్థమైంది కదా.

మా నల్గొండల, మహబూబ్‌నగర్‌ల ఎందుకు పెట్టరు?

పెట్టకూడదని ఏం లేదు, కానీ నాలుగు సైకిళ్లు క్లాక్ టవర్ దగ్గర పెట్టి ఫొటో దిగితే నడవదు. ఐటీడీపీ అనే అంతర్జాతీయ రవాణా సంస్థ తన 2013 మార్గదర్శకాల్లో చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టాండ్లు, అంటే సుమారు 300 మీటర్లకు ఒకటి ఉండాలంది. ఆ ప్రాంతంలో ఉండే వెయ్యి మందికి 10 నుంచి 30 సైకిళ్లు, ఒక్కో సైకిల్‌కు రెండు నుంచి రెండున్నర డాక్‌లు కావాలి. ఒక్కో సైకిల్ రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు తిరిగితేనే పథకం నిలబడుతుంది. నిండిన స్టాండ్ల నుంచి ఖాళీ స్టాండ్లకు సైకిళ్లు మోసే బండి, రోజూ గాలి కొట్టి బ్రేకులు బిగించే మనిషి లేకుంటే మూడు నెలల్లో అన్నీ మూలన పడతాయి.

మన పట్టణాల్లో దూరాలు సైకిల్‌కు సరిపోయేవే. నల్గొండ బస్టాండు నుంచి పానగల్ ఉదయసముద్రం, మహబూబ్‌నగర్ నుంచి పిల్లలమర్రి, పాలమూరు యూనివర్సిటీ వైపు దారులు అర్ధగంటలోపే. మున్సిపాలిటీ పెట్టాలనుకుంటే ఊరంతా ఒకేసారి కాకుండా బస్టాండు, రైల్వే స్టేషన్, కాలేజీలు, ప్రభుత్వ దవాఖాన ఉన్న ఒక ముక్కను ఎంచుకుని, అందులోనే స్టాండ్లు దగ్గర దగ్గరగా వెయ్యాలి. ఫోన్ లేనివాళ్లకు బస్టాండు కౌంటర్‌లో కార్డు ఇవ్వాలి. నిర్వహణ టెండరులో రోజుకు ఎన్ని సైకిళ్లు నడిచే స్థితిలో ఉండాలో రాసి, అది తప్పితే బిల్లులో కోత పెట్టాలి.